సైనికుడి భోజనం: రేషన్ పట్టికలో కాదు, కంచంలో కొలవాలి

2017 జనవరిలో జమ్మూకశ్మీర్ సరిహద్దులో పనిచేస్తున్న ఒక సరిహద్దు భద్రతా దళ జవాను తీసిన వీడియోలను దేశమంతా చూసింది. పసుపు, ఉప్పు తప్ప మరేమీ కనిపించని నీళ్ల పప్పు, పక్కన మాడిన రొట్టె. కేంద్ర హోం శాఖ నివేదిక కోరింది. దళం ఆరోపణలను తోసిపుచ్చింది. ఆ ఏప్రిల్‌లో జవానును విధుల నుంచి తొలగించారు. మూడేళ్ల తర్వాత, 2020 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక ఒకటి పార్లమెంటు ముందుకు వచ్చింది. ఈసారి ప్రస్తావన సైన్యం గురించి, సియాచిన్, లద్దాఖ్ వంటి ఎత్తయిన ప్రాంతాల గురించి. నిర్ణీత ఆహార పదార్థాలకు బదులుగా ఇచ్చిన ప్రత్యామ్నాయాల వల్ల సైనికులకు అందే కేలరీలు గరిష్ఠంగా 82 శాతం దాకా దెబ్బతిన్నాయని అందులో ఉంది. ఆడిట్ కాలం పాతదని, తర్వాత పరిస్థితి మెరుగైందని సైన్యం వైపు నుంచి వివరణ వచ్చింది.

రెండుసార్లూ చర్చ ఒకే దారిలో నడిచింది. తప్పు ఎవరిది? సరుకు దారి మళ్లిందా? జవాను అబద్ధం చెప్పాడా? ఇవి విచారణలు తేల్చాల్సిన ప్రశ్నలు. వీటికి ముందు అడగాల్సిన సైన్సు ప్రశ్న ఒకటి ఉంది. ఒక జవాను ఒక రోజులో నిజంగా ఎంత తిన్నాడు? అందులో ఎంత శక్తి, ఎంత మాంసకృత్తి, ఎంత విటమిన్ ఆయన ఒంటికి పట్టింది? డిపో నుంచి ఎంత సరుకు వెళ్లిందో లెక్క ఉంటుంది. కంచంలోకి ఎంత చేరింది, కంచం నుంచి చెత్తబుట్టలోకి ఎంత వెళ్లింది అన్న లెక్కను క్రమం తప్పకుండా ప్రజల ముందుంచే ఏర్పాటు లేదు. ఆ లెక్క ఉండి ఉంటే ఒక వీడియో నిజమా కాదా అని దేశం రోజుల తరబడి వాదించుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

ఒకే ముట్టడి, రెండు జబ్బులు

సైనిక భోజనాన్ని కాగితం మీద కొలిస్తే ఏమవుతుందో భారతీయ సైనికులే స్వయంగా చూశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా, నేటి ఇరాక్‌లోని కూత్ పట్టణంలో బ్రిటిష్ ఇండియా సేనలు ఒట్టోమన్ సైన్యం ముట్టడిలో చిక్కుకున్నాయి. బ్రిటిష్ సైనికులు తెల్ల పిండి రొట్టె, మాంసం తిన్నారు. భారతీయ సైనికులు ముడి గోధుమ పిండి, పప్పు తిన్నారు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే శత్రువు, ఒకే ఆకలి. కానీ బ్రిటిష్ వారిలో బెరిబెరి కనిపించింది, భారతీయుల్లో స్కర్వీ. తెల్ల పిండిలో తవుడు ఉండదు కాబట్టి బి1 విటమిన్ ఉండదు. నిల్వ ఉన్న పప్పులో, గోధుమలో సి విటమిన్ దాదాపు శూన్యం. గుర్రాలను కోసినప్పుడు బ్రిటిష్ సైనికులు ఆ తాజా మాంసం తిన్నారు. అందులోని కొద్దిపాటి సి విటమిన్ వారిని స్కర్వీ నుంచి కాపాడింది. మత, సామాజిక కారణాల వల్ల భారతీయ సైనికుల్లో అత్యధికులు చాలా కాలం దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత తెల్ల పిండి నిండుకుంది. బ్రిటిష్ వారూ ముడి పిండి, బార్లీ తినాల్సి వచ్చింది. అప్పుడు బెరిబెరి తగ్గుముఖం పట్టింది.

రేషన్ పట్టిక ప్రకారం ఇద్దరికీ భోజనం అందినట్టే లెక్క. శరీరాల లెక్క వేరుగా వచ్చింది. గుర్రం మాంసం పట్టికలో ఉన్నంత మాత్రాన అది భారతీయ సైనికుడికి ఆహారం కాలేదు. తినని పదార్థంలో పోషకం ఉండదు. ఈ పాఠం నేటికీ పాతబడలేదు.

జపాన్ ఇదే పాఠాన్ని మరో రకంగా నేర్చుకుంది. 1882–83లో ర్యూజో అనే జపాన్ యుద్ధనౌక సుదీర్ఘ శిక్షణ యాత్రకు వెళ్లినప్పుడు 376 మందిలో 169 మందికి బెరిబెరి సోకింది, 25 మంది చనిపోయారు. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో 1884లో మరో నౌకను అదే దారిలో పంపించాడు. ఈసారి తెల్ల అన్నం తగ్గించి బార్లీ, మాంసం, పాలు, కూరగాయలు పెంచాడు. బెరిబెరితో ఒక్కరూ చనిపోలేదు. విచిత్రమేమిటంటే తకాకి కారణాన్ని తప్పుగా ఊహించాడు. మాంసకృత్తుల కొరతే జబ్బుకు మూలమనుకున్నాడు. కారణం తప్పినా కొలత తప్పలేదు. ఎవరు ఏం తిన్నారు, ఎవరికి జబ్బు వచ్చింది అని పక్కపక్కన పెట్టి చూశాడు. ఆ కొలతను నమ్మని జపాన్ పదాతి సైన్యం తెల్ల అన్నాన్నే పట్టుకుని 1904–05 రష్యా యుద్ధానికి వెళ్లింది. రెండు లక్షలకు పైగా సైనికులు బెరిబెరి బారిన పడ్డారు.

డిపో నుంచి కంచం దాకా

నేటి భారత సైన్యంలో బెరిబెరి, స్కర్వీ భయం లేదు. రేషన్ స్కేలు, అంటే ఒక్కో జవానుకు రోజుకు ఏ పదార్థం ఎన్ని గ్రాములు అన్న పట్టిక, ఉదారంగానే ఉంటుంది. సమస్య ఆ పట్టికకూ కంచానికీ మధ్య దూరంలో ఉంది. ఆ దూరంలో కనీసం నాలుగు చోట్ల పోషకం జారిపోతుంది.

మొదటిది ప్రత్యామ్నాయం. ఒక పదార్థం దొరకనప్పుడు దానికి బదులు మరొకటి ఇవ్వడం తప్పనిసరి. కాగ్ తప్పుపట్టింది బదులు ఇచ్చిన పద్ధతిని. ధరకు ధర సరిపోయేలా ప్రత్యామ్నాయాన్ని లెక్కించారు. వంద రూపాయల పదార్థానికి బదులు వంద రూపాయల మరో పదార్థం. ఖాతా పుస్తకంలో ఇది న్యాయమే. కానీ ఖరీదైన ప్రత్యామ్నాయం తక్కువ తూకంలో వస్తుంది. తూకం తగ్గితే కేలరీలు తగ్గుతాయి. డబ్బు సరిపోతుంది, శక్తి సరిపోదు. జీవక్రియకు రూపాయి ఒక కొలమానం కాదు.

రెండోది ఎత్తు. ఇది భౌతికశాస్త్రం. సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో గాలి పీడనం మూడింట రెండు వంతులకు పడిపోతుంది కాబట్టి నీరు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతుంది. 5,400 మీటర్ల దగ్గర దాదాపు 82 డిగ్రీలకే. మంట ఎంత పెంచినా మూత లేని పాత్రలో నీటి వేడి అంతకు మించదు. పెంచిన మంటతో నీరు త్వరగా ఆవిరవుతుంది, అంతే. బియ్యంలోని పిండి పదార్థం 70 డిగ్రీల ప్రాంతంలోనే ఉబ్బి మెత్తబడుతుంది కాబట్టి అన్నం ఎలాగో అవుతుంది. పప్పు సంగతి వేరు. గింజలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ సడలాలంటే అంతకంటే ఎక్కువ వేడి కావాలి. ఉడికే ప్రక్రియల వేగం వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా స్థూలంగా సగానికి పడిపోతుంది. అందుకే అక్కడ మూత లేని పాత్రలో పప్పు ఎంతకీ మెత్తబడదు.

ప్రెషర్ కుక్కర్ ఉంది కదా అనిపిస్తుంది. ఉంది, అదే దిక్కు కూడా. కానీ కుక్కర్ బయటి గాలి పీడనం మీద తన పీడనాన్ని కలుపుతుంది. మైదానంలో లోపలి నీరు దాదాపు 120 డిగ్రీలకు చేరితే, 5,400 మీటర్ల దగ్గర అదే బరువు, అదే కుక్కర్ సుమారు 112 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మైదానంలో నేర్చుకున్న విజిల్స్ లెక్క అక్కడ పనికిరాదు. రొట్టెకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. పెనం మీద పొడి వేడి ఎత్తుతో సంబంధం లేకుండా పెరుగుతుంది. రొట్టె మాడడానికి ఎత్తు అడ్డు రాదు, పప్పు ఉడకడానికే అడ్డు వస్తుంది. అలాంటి చోట వంటవాడి చేతివాటాన్ని తప్పుపట్టే ముందు, ఆ ఎత్తుకు తగిన పీడనం, సమయం, నానబెట్టే గంటలు అతనికి ఎవరైనా నేర్పారా అని అడగాలి.

మూడోది పాత్ర పరిమాణం. సైన్యంలో జవాన్ల వంటశాలను లంగర్ అంటారు. అక్కడి డేగిశా ఇంట్లో గిన్నెకు మూడు రెట్లు వెడల్పు ఉంటే, అందులోని చిక్కటి పప్పో అన్నమో నడిమి దాకా చల్లారడానికి మూడు రెట్లు కాదు, దాదాపు తొమ్మిది రెట్ల సమయం పడుతుంది. వేడి ఒక పదార్థం గుండా పాకే సమయం దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దీనివల్ల రెండు నష్టాలు. పొయ్యి మీదే ఉంచితే ఆకుకూరల్లో, కూరగాయల్లో సి విటమిన్, ఫోలేట్ గంట గంటకూ తరిగిపోతాయి. దించి వదిలేస్తే నడి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. ఉడికించినా చావని బీజాల నుంచి బ్యాక్టీరియా మళ్లీ మొలకెత్తడానికి అది అనువైన చోటు. అన్నంలో బేసిలస్ సీరియస్, మాంసం కూరలో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ పెద్ద వంటశాలలకు పాత శత్రువులు. వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన ఉంచాలి, లేదంటే లోతు తక్కువ పళ్లాల్లో పరచి త్వరగా చల్లార్చాలి. దీనికి కావాల్సింది ఒక థర్మామీటరు, ఒక నోటు పుస్తకం.

నాలుగోది ఆకలి. మైదానంలో కష్టమైన శారీరక శ్రమ చేసే పురుషుడికి రోజుకు 3,470 కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సులు చెబుతున్నాయి. మంచులో బరువు మోస్తూ నడిచే వ్యక్తికి అది 4,000 దాటడం అసాధారణం కాదు. సరిగ్గా అక్కడే ఆకలి చచ్చిపోతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆకలిని నియంత్రించే హార్మోన్లు మారుతాయి, వికారం ఉంటుంది, రుచి మందగిస్తుంది. డబ్బాల్లోని ఒకే రకం ఆహారం కొన్నాళ్లకు మొహం మొత్తుతుంది. పట్టికలో 5,000 కేలరీలు రాసి, జవాను 3,000 దగ్గర చేతులు కడుక్కుంటే ఆయన బరువు పట్టికను బట్టి కాక తిన్నదాన్ని బట్టే తగ్గుతుంది. కాబట్టి ఆ ఎత్తుల్లో రుచి అనేది విలాసం కాదు. అది పోషణలో ఒక భాగం.

శాంతి కేంద్రాల్లో లెక్క తలకిందులు కావచ్చు. కదలిక తగ్గి, నెయ్యి, చక్కెర, వేపుళ్లు తగ్గకపోతే అదే ఉదారమైన రేషన్ నడుము చుట్టూ చేరుతుంది. కంచాన్ని కొలవకపోతే ఈ తేడా కూడా కంటికి కనిపించదు.

సైన్సు కొరత లేదు

ఈ విషయంలో భారత్‌కు విజ్ఞానం అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు. మైసూరులో 1961లో రక్షణ ఆహార పరిశోధనశాలగా మొదలైన సంస్థ, 121 డిగ్రీల వేడిలో క్రిమిరహితం చేసి సంచుల్లో మూసిన భోజనాలను, చాలా రోజులు పాడవని చపాతీలను, నీళ్లు పోస్తే సిద్ధమయ్యే ఉప్మాను తయారుచేసింది. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి తీసుకెళ్లిన భారతీయ ఆహారం కూడా అక్కడిదే. లేహ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ గ్రీన్‌హౌస్‌లలో చలి ఎడారిలో కూరగాయలు పండించే పద్ధతులను స్థానిక రైతులకు నేర్పింది. ఆ పంటను సైన్యం కొంటోంది. ఢిల్లీలోని రక్షణ శరీరధర్మ శాస్త్ర సంస్థ ఎత్తయిన ప్రాంతాల్లో శరీరం ఖర్చు చేసే శక్తిని కొలిచింది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఏం తిన్నారో అడిగి, తూచి, పోషకాలుగా మార్చి చూపే ఆహార సర్వేల్లో ఆ సంస్థకు దశాబ్దాల అనుభవం ఉంది.

2023 మార్చిలో సైన్యం ఒక మంచి నిర్ణయం ప్రకటించింది. అర్ధశతాబ్దం క్రితం గోధుమ పిండి కోసం పక్కనపెట్టిన జొన్న, సజ్జ, రాగి పిండి మళ్లీ రేషన్‌లోకి వచ్చాయి. ధాన్యపు కోటాలో 25 శాతం మించకుండా వీటిని తీసుకోవచ్చు. వంటవారికి శిక్షణ కూడా ఇస్తున్నట్టు అప్పుడే చెప్పారు. పీచు, ఇనుము, కాల్షియం పరంగా ఇది మేలైన మార్పు. కానీ ఇక్కడా అదే ప్రశ్న. గోధుమ రొట్టెకు అలవాటుపడ్డ చేయి జొన్న రొట్టెను అదే ఒడుపుతో చేయలేదు. జొన్న పిండిలో గ్లూటెన్ ఉండదు. వేడి నీళ్లతో కలిపి, అరచేత్తో తట్టాలి. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో వంటింట్లో పెరిగిన వారికి అది తెలిసిన విద్య. మరొకరి చేతిలో అదే పిండి అంచులు విరిగిపోయిన పలకవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి ఊళ్ల నుంచి వెళ్లిన అన్నం తినే జవాను, పంజాబ్ నుంచి వచ్చిన రొట్టె తినే జవాను ఒకే లంగర్‌లో కూర్చున్నప్పుడు ఎవరి కంచంలో ఎంత మిగిలిందన్నదే చిరుధాన్యాల విజయాన్ని తేల్చే లెక్క. ఎన్ని టన్నులు పంపిణీ అయ్యాయన్నది కాదు.

మరి ఎలా కొలవాలి?

ఇష్టాయిష్టాలను కొలిచే పద్ధతి పుట్టిందే సైనిక భోజనశాలలో. అమెరికా సైన్యం కోసం పనిచేసిన ఆహార పరిశోధకులు 1950ల నాటికి తొమ్మిది మెట్ల కొలమానం ఒకటి రూపొందించారు. ఒక చివర ‘విపరీతమైన అయిష్టం’, మరో చివర ‘విపరీతమైన ఇష్టం’. ఇవాళ ప్రపంచవ్యాప్తంగా ఆహార పరిశ్రమ, భారతీయ ప్రయోగశాలలతో సహా, దాన్నే వాడుతోంది. కంచంలో మిగిలినదాన్ని తూచడం అంతకంటే సులువు.

మొదట చేయాల్సింది ఇదే. ప్రతి ఎత్తు, ప్రతి వాతావరణం నుంచి కొన్ని లంగర్లను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ముందుగా చెప్పకుండా, వడ్డించినదాన్ని, మిగిలినదాన్ని తూచాలి. జవాన్లు పేరు రాయకుండా మార్కులు వేయాలి. ఆ పనిని సరఫరా చేసే విభాగం కాకుండా పోషకాహార నిపుణుల బృందం చేయాలి. రెండోది, ప్రత్యామ్నాయాల నియమాన్ని మార్చాలి. ధరకు ధర కాకుండా శక్తికి శక్తి, మాంసకృత్తికి మాంసకృత్తి సరిపోవాలి. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు, ఒక పట్టిక చాలు. మూడోది, ఎత్తును బట్టి వంట సూచికలు తయారుచేసి, లంగర్ గోడ మీద హిందీతో పాటు వంటవారికి వచ్చిన భాషలో అంటించాలి. సైన్యంలో తుపాకీకి నిర్వహణ పుస్తకం ఉంటుంది, డేగిశాకూ ఉండాలి. నాలుగోది, ఫలితాల సారాంశాన్ని ఏడాదికోసారి ప్రచురించాలి.

చివరి సూచనకు అభ్యంతరాలు వస్తాయి. సైన్యం ఏం తింటుందో చెబితే ఎక్కడ ఎంతమంది ఉన్నారో శత్రువుకు తెలుస్తుందనేది ఒకటి. యూనిట్ పేరు, చోటు, సంఖ్య లేకుండా సగటు శాతాలు మాత్రమే ఏడాది ఆలస్యంగా చెబితే ఆ ప్రమాదం ఉండదు. కాగ్ నివేదిక పార్లమెంటులో బహిరంగంగానే వచ్చింది. దానివల్ల సరిహద్దు బలహీనపడలేదు. భోజనం గురించి మాట్లాడటం క్రమశిక్షణకు భంగమనేది రెండో అభ్యంతరం. నిజానికి మాట్లాడటానికి నమ్మకమైన దారి లేనప్పుడే మాటలు ఫోన్ కెమెరాలోకి వెళ్తాయి. పేరు లేని మార్కుల కాగితం క్రమశిక్షణను కాపాడుతుంది.

అధికారులు రోజూ రుచి చూస్తూనే ఉన్నారు కదా అనేది మూడోది. ఆ ఆనవాయితీ మంచిదే, చాలా యూనిట్లలో భోజనం బాగుంటుందన్నదీ నిజమే. పండగ వేళ అన్ని హోదాలవారూ కలిసి తినే బడాఖానా రుచి తెలిసిన మాజీ సైనికులు తెలుగు ఊళ్లలో ఎందరో ఉన్నారు. కానీ అప్పుడే దించిన డేగిశాలోంచి తీసిన ఒక చెంచా, కాపలా ముగించుకుని రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన జవాను కంచాన్ని కొలవదు. సగటు భోజనం బాగుందా అన్నది ఒక ప్రశ్న. అందరికంటే చివర తినేవాడికి ఏం దొరికింది అన్నది మరో ప్రశ్న. ఆహార నాణ్యతను తేల్చేది రెండోదే.

భారతీయ పోషకాహార శాస్త్రం ఒక విధంగా సైనికుల, ఖైదీల, కూలీల కంచాల దగ్గర నుంచే మొదలైంది. ఎవరికి ఏ జబ్బు వచ్చిందో చూసి, వాళ్లు ఏం తిన్నారో వెనక్కి వెళ్లి వెతికితేనే విటమిన్లు బయటపడ్డాయి. కూత్‌లో జబ్బు వచ్చాక తెలిసింది. ఇప్పుడు జబ్బు రాకముందే, బరువు తగ్గకముందే తెలుసుకునే సాధనాలు ఉన్నాయి. ఒక తూకం, ఒక థర్మామీటరు, తొమ్మిది గళ్లున్న ఒక కాగితం. క్షిపణులను గురితప్పకుండా పంపగల దేశానికి ఈ మూడింటినీ లంగర్‌లోకి చేర్చడం కష్టమైన పని కాదు. అవి చేరేదాకా జవాను భోజనం గురించి ప్రభుత్వం ఇచ్చే హామీ అయినా, విమర్శకుడు చేసే ఆరోపణ అయినా కొలత లేని మాటగానే మిగులుతుంది.